గీతలు తుడిస్తే సరిపోదు

పాత యుద్ధ చిత్రాన్ని బాగుచేసి ఇంటికి పంపడమంటే దానికి కొత్త మెరుపు అద్దడం కాదు. పోయినదాన్ని వెతికి తేవడం.

భిలాయికి ఉత్తరంగా ఉన్న నందిని పేరు సినిమా పేజీల్లో కనిపించేది కాదు. అక్కడ దొరికేది సున్నపురాయి. భిలాయి ఉక్కు కర్మాగారం మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ను 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ ప్రారంభించిన కాలం నుంచీ నందిని గనుల పని ఒకటే: కొలిమికి రాయి అందించడం. ఇనుప ఖనిజంలోని మట్టిని, ఇసుకను ఆ సున్నం తనలో కలుపుకొని స్లాగ్‌గా పైకి తేలుతుంది. దాన్ని వంపేస్తే అడుగున ఇనుము మిగులుతుంది. మలినాన్ని తీసేయాలి, లోహాన్ని ముట్టుకోకూడదు. పాత సినిమాను బాగుచేసేవారికి కూడా ఇంతకు మించిన సూత్రం లేదు.

ఈ పోలికకు భిలాయినే ఎంచుకోవడానికి ఇంకో కారణమూ ఉంది. ఆ ఉక్కు పట్టణంలో తెలుగువాళ్లు చాలామంది. ఉత్తరాంధ్ర పల్లెల నుంచి పనికోసం వెళ్లి అక్కడే స్థిరపడిన కుటుంబాలు అనేకం. వారిని తీసుకెళ్లింది 1931లో పూర్తయిన విజయనగరం-రాయ్‌పూర్ రైలు మార్గం. ఆ దారిలో విజయనగరం దాటాక వచ్చే పెద్ద స్టేషన్లలో బొబ్బిలి ఒకటి. 1757 జనవరి 24న ఒకరి రక్తం ఒకరు కళ్లచూసిన రెండు సంస్థానాలను ఇప్పుడు గంట ప్రయాణంలో కలిపే రైలు అది. ఆ రెండు ఊళ్ల మనుషులు భిలాయిలో ఒకే షిఫ్టుకు వెళ్లారు, ఒకే క్వార్టర్ల వరుసల్లో కాపురాలు పెట్టారు.

ఆ యుద్ధాన్నే సి.సీతారాం 1964లో 'బొబ్బిలి యుద్ధం'గా తీశారు. రంగారాయుడుగా ఎన్.టి.రామారావు, మల్లమ్మదేవిగా భానుమతి, తాండ్ర పాపారాయుడుగా ఎస్.వి.రంగారావు, విజయరామరాజుగా రాజనాల నటించారు. సంగీతం సాలూరి రాజేశ్వరరావుది. తెలుగువారికి పౌరాణికాలు వందల్లో ఉన్నాయి, జానపదాల్లో కత్తియుద్ధాలకు లెక్కే లేదు. తేదీతో సహా చరిత్రలో నమోదైన యుద్ధాన్ని తీసుకుని, గెలుపు కాక ఓటమి చుట్టూ అల్లిన సినిమాలు మాత్రం వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఆ కొద్దిలో ఇది ముందుంటుంది.

ఊరికి దూరంగా ఉన్న తెలుగువారికి ఇలాంటి చిత్రాన్ని మళ్లీ చూసే దారి థియేటర్ కాదు, ఇల్లే. మొదట వీడియో క్యాసెట్, తర్వాత 1995లో మొదలైన తెలుగు శాటిలైట్ చానళ్లు, ఆ తర్వాత వీసీడీ, డీవీడీ, ఇప్పుడు ఫోన్. 2007లో మోజర్ బేర్ కంపెనీ వీసీడీని 28 రూపాయలకు, డీవీడీని 34 రూపాయలకు అమ్మడం మొదలుపెట్టాక పాత సినిమా కిరాణా కొట్టు సరుకైంది. ఆ చవక వల్ల జరిగిన మేలు తక్కువదేమీ కాదు. చిక్కల్లా బొమ్మతోనే. వీసీడీలో బొమ్మ 352 చుక్కల వెడల్పు, 288 చుక్కల ఎత్తు. చీకట్లో కాగడాలు పట్టుకుని కోట ముట్టడికి వెళ్లే సైన్యాన్ని ఆ కాసిని చుక్కల్లో ఇరికిస్తే కనబడేది నల్లటి ముద్ద.

నష్టం అక్కడితో ఆగలేదు. పాత నలుపు తెలుపు చిత్రాల చట్రం దాదాపు చతురస్రానికి దగ్గరగా ఉంటుంది. వెడల్పు టీవీలు వచ్చాక ఆ చట్రాన్ని అడ్డంగా సాగదీయడమో, పైనా కిందా కోసేయడమో మామూలైంది. సాగదీస్తే రాజుగారు పొట్టివాడవుతాడు, కోస్తే తలపాగా పోతుంది. పాత చతురస్రపు టీవీల కాలంలో సినిమాస్కోప్ చిత్రాలకు సరిగ్గా ఎదురు అన్యాయం జరిగింది. తొలి తెలుగు సినిమాస్కోప్ చిత్రమైన 'అల్లూరి సీతారామరాజు' (1974) లాంటి సినిమాను ఆ పెట్టెలో పూర్తిగా నింపాలంటే అటో ఇటో ఒక పక్క కోసేయక తప్పదు. మన్యం కొండలు, వాటి కింద చీమల్లా కదిలే పోలీసులు ఒకే చట్రంలో కనిపించాలనే కదా అంత వెడల్పు తెర కోరుకున్నది!

యుద్ధ చిత్రానికే ఎందుకింత పట్టుదల అనిపించవచ్చు. ప్రేమకథలో ఒక సీను పోతే కథ కుంటుతుంది. యుద్ధ చిత్రంలో పోతే అర్థం తారుమారవుతుంది. ఎప్పుడు కోత పడినా మొదట పోయేవి నెమ్మదైన సీన్లు: యుద్ధానికి ముందు వాదనలు, యుద్ధం తర్వాత శవాలు, మధ్యలో భయం. ఫిరంగులు, సవాళ్లు మాత్రం భద్రంగా ఉంటాయి. ఈ రోజు ఫోన్లలో తిరిగే రెండు నిమిషాల ముక్కలు చూస్తే ఇది అర్థమవుతుంది. పాపారాయుడి గర్జన మిగులుతుంది. ఆ గర్జన వెనుక ఉన్న దుఃఖం జారిపోతుంది.

బొబ్బిలి కథలో ఆ దుఃఖమే ప్రధానం. బుస్సీ నాయకత్వంలోని ఫ్రెంచి సేన, విజయరామరాజు బలగం కలిసి కోటను చుట్టుముట్టాయి. ఇక నిలవలేమని తేలాక కోటలోని స్త్రీలను, పిల్లలను శత్రువు చేతికి చిక్కనివ్వకుండా సొంతవాళ్లే చంపుకున్నారని చరిత్ర చెబుతోంది. తర్వాత కొద్ది రోజులకే పాపారాయుడు రాత్రిపూట గుడారంలోకి దూరి విజయరామరాజును పొడిచాడు. తానూ బతకలేదు. గెలిచిన రాజు లేడు, ఓడిన రాజు లేడు. ఇద్దరి నేలా చివరకు పరాయి పాలనలోకే పోయింది. మొదటి సగం వదిలేసి రెండో సగం ఒక్కటే చూస్తే అది పగ కథ. మొత్తం చూస్తే హెచ్చరిక. ఆ రెండు ఊళ్ల మనవలూ ఒకే కాలనీలో పెరిగిన భిలాయి లాంటి చోట ఈ తేడా పుస్తకాల పండితులకు వదిలేయాల్సిన విషయం కాదు.

బయటి ప్రపంచంలో ఇందుకు మంచి పాఠాలున్నాయి. మొదటి ప్రపంచ యుద్ధంపై ఎరిక్ మరియా రెమార్క్ రాసిన నవల ఆధారంగా లూయీ మైల్‌స్టోన్ 1930లో తీసిన 'ఆల్ క్వయిట్ ఆన్ ద వెస్టర్న్ ఫ్రంట్' ఉత్తమ చిత్రం, ఉత్తమ దర్శకుడు ఆస్కార్లు గెలుచుకుంది. అదే ఏడాది డిసెంబర్‌లో బెర్లిన్‌లో ప్రదర్శిస్తుంటే గోబెల్స్ మనుషులు హాల్లోకి తెల్ల ఎలుకలను వదిలి, కంపు బాంబులు వేసి ఆట ఆపించారు. కొద్ది రోజుల్లోనే జర్మనీ దాన్ని నిషేధించింది. మిగతా దేశాల్లో కత్తెర్లు పడ్డాయి, తర్వాతి విడుదలల్లో నిడివి తగ్గింది. శత్రు సైనికుడూ మనిషేనన్న మాట చాలామందికి రుచించలేదు. అమెరికాలోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ పూనుకుని ఆ చిత్రాన్ని పునరుద్ధరించింది. యూనివర్సల్ సంస్థ తన నూరేళ్ల సందర్భంగా 2012లో బ్లూ-రే డిస్క్‌గా తెచ్చినప్పుడు మాటల చిత్రంతోపాటు, అప్పట్లో సౌండ్ పరికరాలు లేని హాళ్ల కోసం తయారుచేసిన మూకీ రూపాన్నీ జతచేసింది. చూసేవాడికి రెండూ ఇచ్చి, పోల్చుకోమంది.

డేవిడ్ లీన్ 'లారెన్స్ ఆఫ్ అరేబియా' (1962) కథ ఇంకా ఆసక్తికరం. మన ఐ.ఎస్.జోహర్ గాసిమ్ పాత్ర వేసిన చిత్రమిది. తొలి ప్రదర్శనలో 222 నిమిషాలున్న సినిమాను హాళ్ల సౌకర్యం కోసం తగ్గిస్తూ పోయారు. 1980ల చివర్లో రాబర్ట్ హారిస్ బృందం పాత డబ్బాలన్నీ గాలించి, కోసేసిన ముక్కలను వెతికి పట్టుకుంది. కొన్నిటికి బొమ్మ దొరికింది, మాట దొరకలేదు. పీటర్ ఒటూల్, అలెక్ గిన్నిస్ పాతికేళ్ల తర్వాత మళ్లీ మైకు ముందుకొచ్చి తమ డైలాగులు తామే చెప్పుకున్నారు. అప్పటికే చనిపోయిన జాక్ హాకిన్స్ పాత్రకు చార్లెస్ గ్రే గొంతిచ్చారు. లీన్ స్వయంగా కూర్చుని ఎడిటింగ్ సరిచేశారు. 1989లో థియేటర్లకు వచ్చిన ఆ రూపమే తర్వాత డిస్కులకు ఆధారమైంది. 2012లో నెగటివ్‌ను 4కేలో స్కాన్ చేసినప్పుడు ఇంకో సంగతి బయటపడింది. ఎడారి వేడికి ఫిల్ము మీది పూత బీటలు వారి సన్నటి గీతలు పడ్డాయి. ఫ్రేము ఫ్రేముకూ వాటిని తొలగించారు. ఆ పనిలో ఎడారి ఇసుక మాత్రం చెదరలేదు.

చెదరడం కూడా జరుగుతుంది. అమెరికన్ సేనాని కథ 'పాటన్' (1970) 2008లో మొదటిసారి బ్లూ-రేగా వచ్చినప్పుడు బొమ్మ తళతళలాడింది. తీరా చూస్తే ముఖాలు మైనపు బొమ్మల్లా ఉన్నాయి. ఫిల్ముకు సహజంగా ఉండే సన్నని రేణువులను మచ్చలుగా భావించి కంప్యూటర్‌తో తుడిచేయడంతో చర్మం మీది ముడతలు, యూనిఫాం నేత కూడా పోయాయి. విమర్శలు వచ్చాక 2012లో కొత్త డిస్కు తెచ్చి దిద్దుకున్నారు. ఫిల్ములో రేణువు మలినం కాదు, లోహం. నందిని సున్నపురాయికి ఆ తేడా తెలుసు. సాఫ్ట్‌వేర్‌కు ఎవరో ఒకరు చెప్పాలి.

మన దేశంలో పునరుద్ధరణ అనగానే చాలాకాలం రంగులే గుర్తొచ్చాయి. 'మొఘల్-ఎ-ఆజం' 2004లో, 'నయా దౌర్' 2007లో రంగుల్లో వచ్చాయి. రెండో ప్రపంచ యుద్ధం నేపథ్యంగా దేవానంద్ ద్విపాత్రాభినయం చేసిన 'హమ్ దోనో' (1961) 2011లో రంగుల్లోకి మారింది. తెలుగులో 2010 జనవరిలో వచ్చిన రంగుల 'మాయాబజార్'ను హైదరాబాద్‌లో గోల్డ్‌స్టోన్ టెక్నాలజీస్ తయారుచేసింది. పెద్ద తెర మీద ఆ సినిమాను చూడని తరాన్ని అది హాలుకు రప్పించింది. రంగు కోసమైనా ఫ్రేములన్నీ శుభ్రం చేయాల్సి వచ్చింది, సౌండ్‌ను సరిచేయాల్సి వచ్చింది. ఆ మేరకు సంతోషించాలి. పైగా అది మాయల కథ. పెళ్లి విందు కాస్త రంగు పులుముకున్నా వచ్చే నష్టం తక్కువ.

యుద్ధ చిత్రానికి ఆ వెసులుబాటు లేదు. 'బొబ్బిలి యుద్ధం' వచ్చిన 1964లోనే చేతన్ ఆనంద్ 'హకీకత్' వచ్చింది. 1962 చైనా యుద్ధం గాయం ఆరకముందే లద్దాఖ్ వెళ్లి తీసిన చిత్రం. బల్రాజ్ సాహ్ని, ధర్మేంద్ర, జయంత్ నటించారు, మదన్‌మోహన్ పాటలు కట్టారు. అందులో తెల్లటి మంచు, నల్లటి మనుషులు తప్ప తెర మీద ఇంకేమీ లేని దృశ్యాలున్నాయి. వెనక్కి తగ్గుతున్న సైనికుడి ఒంటరితనం ఆ రెండు రంగుల మధ్యే ఉంది. ఆకాశానికి నీలం, కోటుకు ఆకుపచ్చ అద్దగానే కళ్లు ముందు ప్రకృతిని చూస్తాయి, తర్వాతే మనిషిని. నలుపు తెలుపు అప్పట్లో డబ్బు లేక ఎంచుకున్నదే కావచ్చు. అయినా ఛాయాగ్రాహకుడు ప్రతి దీపాన్నీ ఆ లెక్కతోనే పెట్టాడు. దాన్ని మార్చాక మిగిలేది ఆయన సినిమా కాదు.

కాబట్టి రంగు వద్దనేమీ కాదు. ముందు అసలును కాపాడాలి, తర్వాత ఎవరి సరదా వారిది. అసలంటే కెమెరాలో తిరిగిన నెగటివ్. అది దొరక్కపోతే దాని నుంచి నేరుగా తీసిన మొదటి కాపీ. సినిమా హాళ్లలో అరిగిపోయిన ప్రింటు నుంచి ఎంత ఖరీదైన యంత్రంతో స్కాన్ చేసినా అరుగుదలే స్పష్టంగా కనిపిస్తుంది. భారతదేశంలో ఈ అసళ్ల పరిస్థితి దారుణం. తీసిన 1,300కు పైగా మూకీల్లో మిగిలినవి చాలా కొద్ది. 2003 జనవరిలో పుణె ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ ఆవరణలో జరిగిన అగ్ని ప్రమాదంలో పాత నైట్రేట్ ఫిల్ములు బూడిదయ్యాయి. తర్వాతి కాలపు ఎసిటేట్ ఫిల్ము మండదు గాని తేమకు పులిసి వెనిగర్ వాసన కొడుతుంది, ముడుచుకుంటుంది. నలుపు తెలుపు ఫిల్ములో వెండి ఉంటుంది. నిర్మాత దివాలా తీస్తే ఆ వెండి కోసం నెగటివ్‌ను తుక్కు కింద అమ్ముకున్న సందర్భాలూ ఉన్నాయి.

తెలుగు చిత్రాల విషయంలో ఇంకో చిక్కు. 1960ల నాటి సినిమాల్లో అత్యధికం మద్రాసులో తయారయ్యాయి, అక్కడి ల్యాబుల్లోనే కడిగారు. తర్వాత పరిశ్రమ హైదరాబాద్ తరలింది. డబ్బాలు మాత్రం చాలావరకు మద్రాసు ఉక్కలోనే ఉండిపోయాయి. నిర్మాణ సంస్థలు మూతపడ్డాయి, హక్కులు చేతులు మారాయి. ప్రసార హక్కు ఒకరిది, వీడియో హక్కు ఒకరిది, నెగటివ్ ఎవరి గోదాములోనో. టీవీ హక్కు కొన్నవాడికి పాత టేపు చాలు. నెగటివ్ బాగోగులు చూడాల్సిన వ్యాపార అవసరం ఎవరికీ లేదు. చిత్రాలు పాడవడానికి తేమ ఎంత కారణమో ఇది అంతకన్నా పెద్ద కారణం.

పనితనానికి మాత్రం కొరత లేదు. 1947లో విడుదలైన 'పల్నాటి యుద్ధం' తీస్తూ గూడవల్లి రామబ్రహ్మం మధ్యలోనే కన్నుమూస్తే మిగతాది పూర్తిచేసింది ఎల్.వి.ప్రసాద్. కన్నాంబ నాగమ్మగా, గోవిందరాజుల సుబ్బారావు బ్రహ్మనాయుడుగా, యువకుడైన అక్కినేని నాగేశ్వరరావు బాలచంద్రుడుగా నటించిన చిత్రమది. ఆ ప్రసాద్ 1976లో మద్రాసులో స్థాపించిన ల్యాబే తర్వాతి కాలంలో విదేశీ చిత్రాలకు కూడా డిజిటల్ పునరుద్ధరణ చేసే సంస్థగా ఎదిగింది. పరాయి దేశాల ఫిల్ముల మీది గీతలు మన ఊళ్లో కూర్చుని తుడిచినవారున్నారు. 2019 డిసెంబర్‌లో ఫిల్మ్ హెరిటేజ్ ఫౌండేషన్ హైదరాబాద్‌లో పరిరక్షణ శిక్షణ శిబిరం నిర్వహించింది. 2024 సెప్టెంబర్‌లో అక్కినేని శతజయంతికి ఆ సంస్థే పుణెలోని జాతీయ ఫిల్మ్ ఆర్కైవ్‌తో కలిసి పది చిత్రాలను దేశంలో పలు నగరాల్లో ప్రదర్శిస్తే జనం టికెట్టు కొనుక్కుని వచ్చారు. కేంద్రం చేపట్టిన జాతీయ ఫిల్మ్ వారసత్వ మిషన్ కూడా ఉంది. నేర్చినవారున్నారు, చూసేవారున్నారు, ప్రభుత్వ పథకం ఉంది. ఇక కావలసింది వరుస క్రమం: ఏ సినిమాను ముందు కాపాడాలన్న నిర్ణయం.

ఆ నిర్ణయంలో ప్రేక్షకుడికీ వాటా ఉంది. 'రీస్టోర్డ్', 'హెచ్‌డీ', '4కే' అనే మాటలు అట్ట మీద అచ్చేయడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. కొనేవాడు, చూసేవాడు మూడు ప్రశ్నలు అడగవచ్చు. దేని నుంచి స్కాన్ చేశారు, నెగటివా, ప్రింటా, పాత టేపా? నిడివి మొదటి విడుదల నాటిదేనా? చట్రం అప్పటి కొలతల్లోనే ఉందా? బయటి దేశాల మంచి డిస్కుల మీద ఈ మూడింటికీ జవాబు రాసి ఉంటుంది. మన డిస్కుల మీద హీరో ఫొటో, పాటల జాబితా ఉండేవి. ఇప్పుడు డిస్కు కూడా పోయి, ఫోన్ తెర మీద ఒక లింకే మిగిలింది. ప్రశ్నలు మాత్రం పాతబడలేదు.

నందినిలో రాయి తీసేసిన పాత గని నేలలో ఇటీవలి సంవత్సరాల్లో మొక్కలు నాటి అడవిని పెంచే పని చేపట్టారు. తవ్విన రాయి తిరిగి రాదు. కొలిమిలో కరిగిపోయింది. వెండి కోసం కరిగించిన ఫిల్మూ అంతే, దాని బదులు ఇంకేదైనా పెంచుకోవాల్సిందే తప్ప అది మళ్లీ దొరకదు. ఇంకా డబ్బాల్లో ఉన్నవాటి సంగతి వేరు. అవి పులిసిపోయే లోపు తెరిచి చూడవచ్చు.

'బొబ్బిలి యుద్ధం'కు 2024 డిసెంబర్‌తో అరవై ఏళ్లు నిండాయి. దాన్ని మొదటి విడుదలలో చూసిన కుర్రాళ్లు ఇప్పుడు డెబ్బై దాటిన పెద్దలు. అప్పటి తెర మీద ఏముందో, తర్వాత ఏం పోయిందో చెప్పగలిగినవాళ్లు వారే. నెగటివ్‌తోపాటు ఆ సాక్షులకూ కాలం దగ్గరపడుతోంది. వారు పక్కన ఉండగా మనవలు ఆ సినిమాను ముక్కలుగా కాక మొదటి నుంచి చివరిదాకా, కోటలో చీకటి చీకటిలాగే కనిపించేలా చూడగలిగితే, పాపారాయుడు ఎందుకు గర్జించాడో వారికి తెలుస్తుంది. గర్జించాక ఏం మిగిలిందో కూడా తెలుస్తుంది.